మెనోరే కొండల కింద జావా రైతు ఇంట్లో బస

ఇండోనేసియాలోని జావా దీవిలో ఉన్న బౌద్ధ మహాస్తూపం బోరోబుదూర్ చూడడానికి వెళ్ళే మనవాళ్ళలో చాలామంది దగ్గరి నగరం జోగ్యకర్తాలో హోటల్లో దిగి, తెల్లవారుజామున కారెక్కి, మహాస్తూపం చుట్టూ తిరిగి మధ్యాహ్నానికల్లా వెనక్కి వచ్చేస్తారు. మా కుటుంబం మాత్రం ఆ స్తూపానికి దక్షిణాన, మెనోరే కొండల అంచున ఉన్న ఒక చిన్న వ్యవసాయ గ్రామంలో, గ్రామ సహకార సంఘం కుదిర్చిన ఒక రైతు ఇంట్లో కొన్ని రోజులు బస చేసింది. ఇల్లు, పొలం, వంటిల్లు మాకు పూర్తి సంతృప్తినిచ్చాయి. వాటి మధ్య మమ్మల్ని తిప్పిన ఏర్పాట్లకు మాత్రం సగం మార్కులే వేయగలను.

ముందుగా ఒక తేడా గమనించాలి. మన మండలం లాంటి బోరోబుదూర్ కెచమతాన్‌లో 20 గ్రామాలున్నాయి. ప్రభుత్వ రంగ సంస్థల సాయంతో వాటిలో బల్కొందెస్ పేరుతో అతిథి కేంద్రాలు కట్టారు. చెక్క కాటేజీలు, భోజనశాల, పచ్చిక బయలుతో అవి శుభ్రంగా, అందంగా ఉంటాయి కానీ, అక్కడ దిగినవారికి రైతు కనిపించేది కిటికీలోంచే. మేము కోరుకున్నది రైతు కుటుంబం నిజంగా కాపురముండే ఇల్లు. అద్దె విషయానికి వస్తే, రెండు పూటల భోజనంతో కలిపి ఒక మనిషికి పడింది తిరుపతి బస్టాండు దగ్గర ఓ మోస్తరు లాడ్జి గదికి పడేంతే.

ఇల్లు లిమసాన్ పద్ధతిలో కట్టినది: నాలుగు వైపులా వాలిన పెంకుల కప్పు, పనస కొయ్య స్తంభాలు, ముందు విశాలమైన పంచ. గదిలో మంచం, దోమతెర, ఫ్యాను ఉన్నాయి, ఏసీ లేదు. స్నానాల గదిలో తొట్టి నిండా చన్నీళ్ళు, ముంచుకోవడానికి ప్లాస్టిక్ మగ్గు ఉంటాయి కాబట్టి మనవాళ్ళకు కొత్తేమీ కాదు. తెల్లవారకముందే మసీదుల మైకుల్లో అజాన్ మొదలవుతుంది. నిద్ర చెడిందని ఇంతకుముందు బస చేసిన కొందరు ఫిర్యాదు రాసినట్టు చూశాను. ధనుర్మాసమంతా తిరుప్పావై మైకు కిందే నిద్రపోయిన తిరుపతివాసులకు ఇది ఫిర్యాదు కాబోదు.

పొలాల దగ్గర మా కుటుంబంలోని పెద్దవాళ్ళు ఎక్కువసేపు ఆగారు. జావాలో అర హెక్టారు, అంటే మన లెక్కలో సుమారు ఎకరా పావు కూడా లేని రైతు కుటుంబాలే ఎక్కువ. ఈ కొండ అంచున నేల చాలావరకు వర్షాధారం కావడంతో, ఆ కొద్ది చెక్కలోనే బొప్పాయి, దాని నీడన మిరప, పక్కన మొక్కజొన్న, గట్ల వెంట కర్రపెండలం, హద్దున కొబ్బరి పెంచుతారు. ఒక పంటకు ధర పడిపోయినా ఇంకొకటి ఆదుకోవాలన్నది లెక్క. మామిడి తోట ఒక్కదాన్నే నమ్ముకుని, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు వరుసలో రాత్రంతా పడుకునే మా వైపు రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. నేల మాత్రం మనకు లేని అదృష్టం. ఎదురుగా కనిపించే మెరాపి అగ్నిపర్వతం తరతరాలుగా కుమ్మరించిన బూడిదే ఈ సారానికి మూలం. అదే కొండ 2010లో బద్దలైనప్పుడు బోరోబుదూర్ మీద కూడా బూడిద పేరుకుంది, స్తూపాన్ని కొంతకాలం మూసి కడగవలసి వచ్చింది.

ఇక బెల్లం. ఈ బసకు వెళ్ళడానికి ఇదొక్కటే చాలినంత కారణం. చిత్తూరు బెల్లం మండీ చుట్టుపక్కల పుట్టిన వాళ్ళకు బెల్లమంటే చెరకే. మెనోరే కొండల్లో బెల్లం కొబ్బరి చెట్టు నుంచి వస్తుంది. గీతకార్మికుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి, కొబ్బరి పూగెల కొసను పలుచగా చెక్కి, కట్టిన పాత్రలో చేరిన నీరాను దించుకుంటాడు. నడుముకు మోకు ఉండదు, మానుకు కొట్టిన గాట్లే మెట్లు. వాన పడ్డ రోజున ఆ పని ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నీరా పులిస్తే కల్లవుతుంది, పాకానికి పనికిరాదు. అందుకని పాత్రలో ముందే కాస్త సున్నం, మంగుస్తాన్ తొక్కో పనస చెక్క పేళ్ళో వేసి ఉంచుతారు. ఇంటికి తెచ్చిన నీరాను ఆ ఇంటి ఇల్లాలు కట్టెల పొయ్యి మీద గంటల తరబడి మరిగిస్తుంది. నురగ అంచు దాటబోయినప్పుడు ఆమె చిటికెడు కొబ్బరి తురుము వేసింది, నురగ చప్పున దిగింది. మా వైపు గానుగల దగ్గర అదే పనికి నూనె చుక్కలు చల్లుతారు. పాకం ముదిరిందా లేదా అని గిన్నెడు నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో నలిపి చూడడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. పాకాన్ని కొబ్బరి చిప్పల్లో పోసి ఆరబెడితే ముదురు గోధుమ రంగు అచ్చులు తయారవుతాయి. రుచిలో కాస్త పొగ, కాస్త ఉప్పదనం తగులుతాయి. పసుపు రంగు రాకపోతే ధర పలకదన్న భయంతో మన దగ్గర హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపే అలవాటు పాకింది కానీ, ఆ ఊరిలో నలుపే బెల్లం రంగు, దాన్ని ఎవరూ తెల్లబరచాలనుకోవడం లేదు.

భోజనం రుచిగా ఉంది, అయితే శాకాహారులు జాగ్రత్తపడక తప్పదు. అరటాకులో పులియబెట్టిన సోయా టెంపే, కొబ్బరి పాలతో వండే లొదే కూర, ఉడికించిన ఆకుకూరల మీద వేరుశెనగ ముద్ద కలిపిన పెచెల్ మన నాలుకకు సులువుగా పడతాయి. చిక్కంతా సంబల్‌తోనే, అంటే వాళ్ళ మిరప చట్నీతో. అందులో సాధారణంగా తెరాసి అనే రొయ్యల ముద్ద వేస్తారు. లేత పనసకాయతో చేసే గుదెగ్ పేరుకు కాయగూరే అయినా, దానితో కోడి, గుడ్డు, క్రెచెక్ అనే పశువుల చర్మపు కూర వడ్డించడం అక్కడి ఆనవాయితీ. మేము శాకాహారులమని మాకు ప్రయాణం ఏర్పాటు చేసిన ఏజెంటుకు ముందే రాసి ఇచ్చినా, ఆ మాట ఆ ఇంటిదాకా చేరలేదు. మొదటి రాత్రి పళ్ళెంలో వేయించిన చిన్న ఎండుచేపలు కనిపించాయి. విషయం తెలిసిన వెంటనే ఆ ఇంటావిడ తెరాసి లేని సంబల్ వేరే రోట్లో నూరి పెట్టింది. ఆ తరువాత ప్రతి పూటా ఆ రోలు విడిగానే ఉంది.

సగం మార్కులు తగ్గించింది ఊరి చుట్టూ తిప్పే కార్యక్రమమే. జట్కాలో ఎక్కించి, కుమ్మరి ఇంట్లో పావుగంట, అప్పడాలు చేసే ఇంట్లో పావుగంట, గామెలాన్ వాద్యాల ముందు పావుగంట కూర్చోబెట్టారు. ప్రతిచోటా మా కోసమే పని మొదలైంది, మేము లేచేసరికి ఆగింది. బెల్లం ఇంట్లో కూడా కార్యక్రమం ప్రకారం చూపించింది చల్లారిన పాకమే. పైన రాసినదంతా మరుసటి ఉదయం గైడు లేకుండా, ఆ ఇంటివాళ్ళ అనుమతితో వెళ్ళి చూసినది. అందుకు వాళ్ళు విడిగా ఏమీ అడగలేదు, మేమే బెల్లం అచ్చులు కొన్నాము. సహకార సంఘం ఈ జట్కా ప్రదర్శనను తగ్గించి, తెల్లవారుజామున ఒక్క ఇంట్లో పని పూర్తయ్యేదాకా కూర్చోనిస్తే అతిథులకూ మేలు, రైతుకూ పని చెడదు.

తిరుపతి నుంచి వెళ్ళేవారు చెన్నై చేరి, కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా జోగ్యకర్తా కొత్త విమానాశ్రయంలో దిగాలి. అది జోగ్యకర్తా నగరానికి పడమరగా కులోన్ ప్రోగోలో ఉంది కాబట్టి, నగరంలోకి పోకుండా నేరుగా బోరోబుదూర్ వైపు కారు మాట్లాడుకోవచ్చు. దిగిన చోట తీసుకునే వీసాకు 5,00,000 రూపియా రుసుము, గడువు 30 రోజులు. స్తూపం పైకెక్కేవారి సంఖ్యకు రోజువారీ పరిమితి ఉండడంతో ఆ టికెట్టును ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. పైకెక్కేవారికి ఇచ్చే ఉపానత్ చెప్పులను చుట్టుపక్కల పల్లెలవాళ్ళే అల్లుతారు. వానలు తగ్గి ఉండే మే, సెప్టెంబరు నెలల మధ్య వెళ్ళడం మంచిది. బసను ఏజెంటు ద్వారా కాకుండా గ్రామ కార్యాలయానికే నేరుగా సందేశం పంపి కుదుర్చుకోండి. మాంసం, చేప, గుడ్డు, తెరాసి వద్దన్న మాటను ఇండోనేసియా భాషలోనే రాసి, ఆ ఇంటివాళ్ళకు అందినట్టు జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.