ఇంటర్న్‌షిప్‌లో ఒకే పెద్ద ప్రాజెక్టా, చిన్న చిన్న పనులా?

8 వారాల ఇంటర్న్‌షిప్‌లో ఒకే ప్రాజెక్టు పట్టుకుంటే చివర్లో చూపించడానికి ఒక పూర్తి పని మిగులుతుంది. చిక్కంతా మొదటి వారంలోనే. లాగిన్లు, డేటా అనుమతులు రాకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుకే చేరిన రోజే ఏయే అనుమతులు కావాలో జాబితా రాసి మెంటర్‌కి పంపండి. 6వ వారం చివరికల్లా పని నడిచే స్థితికి రావాలి. మిగతా 2 వారాలు తప్పులు సరిదిద్దడానికి, డాక్యుమెంటేషన్‌కి, అప్పగింతకి. ఈ లెక్క ముందే వేసుకోకపోతే ప్రాజెక్టు సగంలో ఆగిపోవచ్చు.

చిన్న పనులైతే రెండో రోజు నుంచే చేతినిండా పని, నలుగురితో పరిచయం. కానీ రాసిపెట్టుకోకపోతే నెల తిరిగేసరికి ఏం చేశారో మీకే గుర్తుండదు. రోజూ సాయంత్రం 5 నిమిషాలు కేటాయించి ఏ పని, ఎవరికోసం, ఎంతసేపు పట్టింది, దానివల్ల ఏం మారింది అన్నవి రాయండి. రెజ్యూమెకి పనికొచ్చేది ఆ చివరిదే.

ఎంచుకునే వీలుంటే, 6 వారాల లోపు వ్యవధికి చిన్న పనులే మేలు, అంతకు మించితే ప్రాజెక్టు. మెంటర్ వారానికి అరగంటైనా ఇవ్వలేనంటే మాత్రం ప్రాజెక్టు జోలికి వెళ్లకండి. దారి తప్పితే చెప్పేవాళ్లే ఉండరు.