గినీయా, థీలా, పాల్మానా? డెల్టా ఊళ్లో భూమి లెక్కకు ఏది మేలు

కోనసీమలోనో భీమవరం పక్కనో ఒక ఊరి భూమి ఎంత అసమానంగా ఉందో ఒక్క అంకెలో చెప్పమంటే అందరూ ముందు గినీ కడతారు (అందరికీ సమానంగా ఉంటే సున్నా, అంతా ఒక్కరి చేతిలోనే ఉంటే ఒకటికి దగ్గర). కట్టాల్సిందే. కాని ఏ భూమి, ఎవరెవరిని కలుపుకొని అన్నది తేల్చుకోకుండా కడితే ఆ అంకె దేనికీ కొరగాదు.

పది కుటుంబాల ఊరు అనుకోండి. నలుగురికి సెంటు భూమి లేదు. మిగతా ఆరుగురికి 1, 1, 2, 3, 5, 8 ఎకరాలు, మొత్తం 20. గినీకి పదిమందినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పెట్టి, ఒక్కొక్కరి ఎకరాలను వరుస సంఖ్యతో గుణించి కూడండి: 174. దాన్ని రెట్టింపు చేసి 200తో (10 కుటుంబాలు × 20 ఎకరాలు) భాగించి, 11/10 తీసేస్తే 0.64. భూమి లేనివాళ్లను వదిలేసి కడితే 0.40 మాత్రమే.

ఇప్పుడు 8 ఎకరాల ఆసామి రెండు ఉంచుకుని, భూమి లేని ఇద్దరికి మూడేసి ఎకరాలు కౌలుకిచ్చాడు. సాగు భూమి మీద కడితే గినీ 0.41. సాగు లేని ఇద్దరినీ తీసేస్తే 0.26. ఒక్క సెంటు హక్కు కూడా చేతులు మారలేదు! వ్యవసాయ గణన లెక్కపెట్టేది సాగు కమతాలనే. కౌలు ఇంతగా ఉన్న డెల్టాలో ఆ పట్టికలోంచి తీసిన గినీని సొంత భూమి అంతరంగా చూపడం కౌలురైతుకు అన్యాయం.

సొంత భూమి కోసం వన్‌బీ (ఎవరి పేర ఎంత భూమి ఉందో ఖాతాలవారీగా చూపే రెవెన్యూ రికార్డు) పట్టుకున్నా జాగ్రత్త కావాలి. ఖాతా అంటే కుటుంబం కాదు. ఆ 8 ఎకరాలే భర్త, భార్య, ఇద్దరు కొడుకుల పేర రెండేసి ఎకరాలుగా ఉంటే, ఖాతాల గినీ 0.40 నుంచి 0.24కి దిగిపోతుంది. ముందు ఇంటింటి లెక్కతో ఖాతాలను కుటుంబాలుగా కలపాలి.

అంతరం ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే మాత్రం థీల్ అనే మరో కొలతే మేలు. ఒక్కొక్కరి ఎకరాలను సగటుతో (ఇక్కడ 2) భాగించి, ఆ నిష్పత్తిని దాని సహజ లాగరిథంతో గుణించి, పదిమందికీ సగటు తీయాలి. సున్నా ఉన్నచోట ఎక్సెల్ తప్పు చూపిస్తుంది; అక్కడ సున్నాయే వేయండి. మన ఊరికి 0.775 వస్తుంది. అందులో 0.511 భూమి ఉన్నవారికీ లేనివారికీ మధ్య అంతరం, 0.264 భూమి ఉన్నవారిలో వారికి. అంటే మూడింట రెండు వంతుల అంతరం భూమి లేకపోవడంలోనే ఉంది. వరి ఊళ్లు, చెరువుల ఊళ్లు అని విడదీసినా థీల్ ఇలాగే మిగులు లేకుండా విడిపోతుంది. రెండు గుంపుల కమతాల పరిమాణాలు ఒకదాని పరిధిలోకి ఒకటి వస్తే గినీలో ఏ గుంపు లెక్కలోనూ వేయలేని మిగులు తేలుతుంది. థీల్‌కు లాగరిథం సగటుతో కట్టే రెండో రూపం ఒకటుంది. అది సున్నాలున్న భూమి పట్టికకు పనికిరాదు.

పాల్మా అంటే పై 10 శాతం వాటాను కింది 40 శాతం వాటాతో భాగించడం. సాగు భూమికి 5/2, అంటే 2.5. సొంత భూమికైతే కింద సున్నా, భాగహారమే కుదరదు. దాన్ని ఖర్చుల లెక్కకు ఉంచుకోండి.

రొయ్యల చెరువుల ఊళ్లలో ఆదాయం కొలిస్తే మరో చిక్కు. తెల్లమచ్చ తెగులుతో పంట పోయిన ఏడాది ఆదాయం సున్నాకు దిగువకు పోతుంది. థీల్ ఆగిపోతుంది, గినీ ఒకటి దాటినా దాటొచ్చు. నష్టాన్ని సున్నాగా దిద్దకండి, ఆ దిద్దుబాటులో అప్పు మాయమవుతుంది. కుటుంబ ఖర్చు మీద కట్టడం నయం. అయితే ఖర్చు గినీ సాధారణంగా తక్కువే: 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో దేశం మొత్తం గ్రామాలకు 0.237. దాన్ని భూమి 0.64 పక్కన పెట్టి పోల్చకూడదు.

నమూనా సర్వే అయితే బూట్‌స్ట్రాప్‌తో (ఉన్న నమూనాలోంచే మళ్లీ మళ్లీ ఎంచి లెక్క కట్టే పద్ధతి) దోషపు హద్దులు, అంటే అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో, కట్టండి. కుటుంబాలను విడివిడిగా కాదు, ఊళ్లకు ఊళ్లనే తిరిగి ఎంచాలి. ఒకే కాలువ కింద ఉన్న ఇళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. విడిగా ఎంచితే హద్దులు ఉత్తపుణ్యానికే ఇరుకుగా కనబడతాయి.