ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో లినక్స్ బూట్ అవ్వట్లేదా? బూట్ రిపేర్, రీఫైండ్, చేత్తో గ్రబ్: ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపురం వైపు చదువుకునే పిల్లల్లో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. ఇంట్లో అన్నయ్యదో బాబాయిదో ఉంటుంది, అందులో విండోస్‌ని ముట్టుకోనివ్వరు, అందుకని ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో ఉబుంటు అనే లినక్స్ వేసుకుంటారు. తీరా డ్రైవ్ పీకేసి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చాక విండోస్ రాదు, నల్ల స్క్రీన్ మీద గ్రబ్ (లినక్స్‌ని లేపే బూట్‌లోడర్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ ఒక్కటే. "ఏం చేశావురా నా సిస్టమ్‌ని" అని ఫోన్ వస్తుంది.

విండోస్ ఎక్కడికీ పోలేదు, ఆ టెన్షన్ వదిలేయండి. ఆన్ చేయగానే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే వచ్చేస్తుంది. అసలు జరిగింది ఏమిటంటే, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కి బూట్‌లోడర్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో వేయమని చెప్పినా, యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్) ఉన్న సిస్టమ్‌లో అది లోపలి డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే గ్రబ్ పెట్టేసేది. అంటే గ్రబ్ ల్యాప్‌టాప్‌లో, దాని మెనూ, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఎస్ఎస్‌డీలో, డ్రైవ్ పీకితే గ్రబ్‌కి అవి దొరకవు. ఇక ఆ ఎస్ఎస్‌డీని వేరే సిస్టమ్‌కి పెడితే దాంట్లో బూట్‌లోడరే లేదు కాబట్టి అక్కడా లేవదు.

అందరూ మొదట చెప్పేది బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిచేది) ఎక్కి, పీపీఏ (అదనపు సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) కలిపి ఇన్‌స్టాల్ చేసి, ఒక బటన్ నొక్కడమే. కానీ నెట్ కావాలి, మన కొండ ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందే. పైగా రికమెండెడ్ రిపేర్ నొక్కేస్తే గ్రబ్ ఏ డ్రైవ్‌లో పడుతుందో మనం చూసుకోం, మళ్లీ బాబాయి డిస్క్‌లోనే పడితే కథ మొదటికే. వాడేవాళ్లు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి ఈఎఫ్ఐ పార్టిషన్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌దే ఎంచుకోండి.

రీఫైండ్ అనే బూట్ మెనూ ప్రోగ్రామ్ చిన్నది, కొన్ని ఎంబీలే, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు. బూట్ అయిన ప్రతిసారీ డ్రైవ్‌లన్నీ వెతికి ఏ కెర్నల్ కనిపిస్తే దాన్ని మెనూలో చూపిస్తుంది, గ్రబ్ పాడైనా దానికి పట్టదు. గట్టెక్కడానికి ఇంతకన్నా మంచిది లేదు. అయితే పాత బయోస్ (యూఈఎఫ్ఐకి ముందు తరం) ఉన్న డెస్క్‌టాప్‌లో రీఫైండ్ పనిచేయదు, మన ఇంటర్నెట్ సెంటర్లలో అలాంటివి ఇంకా ఉన్నాయి.

నా ఓటు మాత్రం చేత్తో గ్రబ్ వేసుకోవడానికే. ఎస్ఎస్‌డీలోనే ఫ్యాట్32లో ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ ఉండాలి, 512 ఎంబీ ఇస్తే ధారాళం. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి ఎస్ఎస్‌డీలోని రూట్‌నీ (ఉబుంటు ఉన్న పార్టిషన్) ఆ ఈఎఫ్ఐ పార్టిషన్‌నీ మౌంట్ చేసి (వాడకానికి తెరిచి), క్రూట్‌లోకి (కమాండ్లు ఎస్ఎస్‌డీలోని ఉబుంటులోనే నడిచేలా చేసే పద్ధతి) వెళ్లి, గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌కి రిమూవబుల్ అనే ఆప్షన్ తగిలించండి, ఆ తర్వాత మెనూ తయారుచేసే అప్‌డేట్ గ్రబ్ కమాండ్. కిటుకంతా ఆ ఒక్క ఆప్షన్‌లోనే ఉంది. మామూలుగా గ్రబ్ తన పేరు ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ మెమరీలో రాసుకుంటుంది. రిమూవబుల్ అంటే అలా రాయదు, ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ అనే ఫోల్డర్ కింద, ఏ యూఈఎఫ్ఐ అయినా తనంతట తానే వెతికే పేరుతో ఫైల్ పెడుతుంది. అందుకే ఎవరి ల్యాప్‌టాప్‌కి తగిలించినా లేస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైల్) బూట్ ఈఎఫ్ఐ యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) కూడా ఎస్ఎస్‌డీ ఈఎఫ్ఐ పార్టిషన్‌దానికి మార్చడం మరిచిపోకండి, లేకపోతే తర్వాత వచ్చే గ్రబ్ అప్‌డేట్ మళ్లీ పాత చోటికే పోతుంది. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) డిస్క్‌లో ఇంకో 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ పెట్టి గ్రబ్ బయోస్ రకాన్ని కూడా వేస్తే పాత డెస్క్‌టాప్‌లోనూ అదే డ్రైవ్ నడుస్తుంది. ఓఎస్ ప్రోబర్ (వేరే ఓఎస్‌లను వెతికి గ్రబ్ మెనూలో చేర్చేది) జోలికి పోకండి, గ్రబ్ 2.06 నుంచి అది మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది, ఆన్ చేస్తే ఒకరి విండోస్ పేరు ఇంకొకరి సిస్టమ్‌లో మెనూలో వేలాడుతుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని గ్రబ్‌ని రానివ్వదు, రీఫైండ్‌కీ ఇదే తంటా. ఆఫ్ చేసే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉందేమో చూసి, రికవరీ కీ చేతిలో పెట్టుకోండి, అదీ యజమానిని అడిగే. చివరగా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ మెమరీలో మిగిలిన ఉబుంటు ఎంట్రీని ఈఎఫ్ఐ బూట్ మేనేజర్ కమాండ్‌తో తీసేసి, బూట్ ఆర్డర్‌లో విండోస్‌ని మొదట పెట్టండి.