చేత్తో కట్టిన టేకు పడవ: ఏళ్ల వాడకం తరువాత

టేకు పలకలు, తుమ్మ వంకర కొమ్మలతో పూర్తిగా చేతి పనిముట్లతోనే కట్టిన చిన్న తెడ్ల పడవను నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను. దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చినవి లోపలి పక్కటెముకలు, అంటే పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే వంపు చెక్కలు. కొమ్మ సహజంగా ఎటు వంగి పెరిగిందో చూసి, పడవ ఒంపుకు అది సరిపడే చోటు వెతికి, బాడిసతో చెక్కి అమర్చారు. తిన్నని దుంగలో ఒంపు కోస్తే చెక్క నార మధ్యలో తెగుతుంది, దెబ్బ తగిలినప్పుడు చెక్క అక్కడే చీలుతుంది. ఇక్కడ నార ఒంపు వెంబడే సాగుతుంది కనుక, రాతిగట్టుకు ఎన్నోసార్లు గుద్దుకున్నా ఒక్క ఎముక కూడా పగలలేదు. చెయ్యి పెట్టి తడిమితే బాడిస గాట్లు ఇప్పటికీ వేళ్లకు తెలుస్తాయి.

పలకలను అంచుకు అంచు చేర్చి, రాగి మేకులతో బిగించి, సందుల్లో నూలు కూరి, పైన గుగ్గిలం పట్టించారు. చెక్క నీరు పీల్చినప్పుడు పొడవున దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందువల్ల చాలాకాలం ఎండలో ఉన్న పడవను నీటిలోకి దించగానే కారడం సహజం. పలకలు ఉబ్బి నూలును నొక్కిన కొద్దీ ఆ కారడం తగ్గిపోతుంది. కంగారుపడి ఎండిన సందుల్లో నూలును మరీ గట్టిగా దట్టిస్తే, తరువాత ఉబ్బే పలకలకు చోటు చాలక మేకులూ ఎముకలూ ఆ ఒత్తిడిని మోయవలసి వస్తుంది.

బరువు ఎక్కువ, ఒంటరిగా ఒడ్డుకు లాగడం కష్టమే. అంతకన్నా పెద్ద సమస్య వాననీరు. ఉప్పునీటి కన్నా అడుగున నిలిచిన మంచినీరే చెక్కను త్వరగా కుళ్లబెడుతుంది కాబట్టి, పైన కప్పు వేసినా రెండు కొసలా గాలి ఆడేలా వదలాలి. వార్నిష్ మెరుపు అందమైనదే కానీ, ఒకచోట లేచిందంటే దాని కిందికి నీరు చేరుతుంది, అంతా గీకవలసి వస్తుంది. లోపలి భాగానికి అవిసెనూనె నాకు ఎంతో మేలనిపించింది: వెలిసిన చోట మళ్లీ రాస్తే చాలు. అయితే ఆ నూనె గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

నీటిలో క్రమం తప్పకుండా తిప్పేవారికి ఈ పడవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఏడాదికోసారి బయటికి తీసేవారు మాత్రం ప్రతిసారీ పలకలు ఉబ్బేదాకా ఆగడానికి సిద్ధపడాలి.