పదిహేనేళ్లుగా నా కారులో ఉన్న ఆల్బమ్: స్టీరియోఫోనిక్స్ 'పెర్ఫార్మెన్స్ అండ్ కాక్‌టెయిల్స్'

2010 జూన్‌లో ఒకరోజు కార్డిఫ్‌లో మా ఆఫీసుకు వెళ్లేసరికి అందరూ స్టీరియోఫోనిక్స్ అనే రాక్ బ్యాండ్ పాత డ్రమ్మర్ స్టువర్ట్ కేబుల్ గురించే మాట్లాడుకుంటున్నారు. నలభై ఏళ్లకే పోయాడట. అప్పటికి నేను వేల్స్ వచ్చి ఏడు నెలలే, ఆయనెవరో తెలీదు. కానీ వాళ్ల మాటల్లో బాధ చూస్తే, పోయింది ఎవరో రాక్ స్టార్ కాదు, వాళ్ల వీధి చివర ఇంట్లో కుర్రాడే అన్నట్టుంది. "ఆయన వాయించింది వినాలంటే స్టీరియోఫోనిక్స్ రెండో ఆల్బమ్ విను" అన్నాడు పక్క సీటాయన. ఆ శనివారమే సెకండ్ హ్యాండ్ షాపులో రెండు పౌండ్లు పెట్టి సీడీ కొన్నాను. మీద గీతలున్నాయి, లోపల పాటల పుస్తకం లేదు. గీతల్లేవని చెప్పి అమ్మారు, తొమ్మిదో పాట దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగి ఆగి నడుస్తుంది.

ఈ బ్యాండ్‌ది సౌత్ వేల్స్‌లో అబెర్‌డేర్ పక్కన కుమామన్ అనే చిన్న ఊరు. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. పాడేదీ గిటార్ వాయించేదీ పాటలు రాసేదీ కెల్లీ జోన్స్, బేస్ రిచర్డ్ జోన్స్, డ్రమ్స్ స్టువర్ట్ కేబుల్. అప్పట్లో అంతే, ముగ్గురే. 1997లో వచ్చిన మొదటి ఆల్బమ్ నిండా ఆ ఊరి మనుషులూ ఊరి కబుర్లూ ఉంటాయి. ఈ రెండోది 1999 మార్చిలో వచ్చి బ్రిటన్‌లో నేరుగా నంబర్ వన్ అయింది. అదే ఏడాది జులైలో స్వాన్సీలోని మోర్ఫా స్టేడియంలో వీళ్ల కచేరీకి యాభై వేలమంది వచ్చారు. మా ఆఫీసులో కాస్త వయసున్న వాళ్లని కదిపితే ఆ రోజు గురించి చెప్పకుండా వదలరు.

రెండో ఆల్బమ్ నాటికి వీళ్లు ఊరు దాటేశారు. బస్సులు, విమానాలు, ఎదురుచూపులు, ఎవరూ తెలియని ఊళ్లు. అప్పటికి కెల్లీ జోన్స్‌కి 24 ఏళ్లు. తెలియని చోట నిలబడి, కలవకుండా, అన్నీ గమనిస్తూ ఉండే మనిషి ఈ పాటల్లో ఉంటాడు. నన్ను పట్టుకున్నది అదే. 'పిక్ ఎ పార్ట్ దట్స్ న్యూ' చూడండి. మొదటిసారి న్యూయార్క్ వెళ్లినవాడికి అదంతా ముందే చూసినట్టు అనిపించడం ఆ పాట. లండన్‌లో దిగిన రోజు ఎర్ర బస్సు కనబడగానే సరిగ్గా నాకూ అదే అనిపించింది. సినిమాల్లో అన్నిసార్లు చూశాక ఇక కొత్తగా చూడటానికి ఏం మిగిలింది అని ఒకరకమైన దిగులు. దాన్ని ఇంత హుషారైన గిటార్‌తో పాటగా కట్టొచ్చని నేను అనుకోలేదు.

'జస్ట్ లుకింగ్' మాత్రం నా పాట. మెల్లగా గిటార్, దాని మీద ఆ గరుకు గొంతు. కావలసినవేవో, కావాలని మనం అనుకుంటున్నవేవో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోతాడు. తర్వాత డ్రమ్స్ వచ్చి పడతాయి. ఆ దెబ్బ ఎలా ఉంటుందంటే, అప్పటిదాకా తనలో తాను గొణుక్కుంటున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడినట్టు. స్టువర్ట్ కేబుల్ డ్రమ్స్‌ని ముట్టుకోడు, బాదుతాడు. అయినా ఎప్పుడు ఆగాలో బాగా తెలిసినవాడు. పల్లవి అయిపోగానే వెంటనే సర్దుకుని గొంతుకి చోటిస్తాడు. కొన్న కొత్తలో నాకు ఇది మామూలు ప్రేమ పాటలానే వినబడింది. ఇల్లు కొనాలా, ఇండియా వెళ్లిపోవాలా అని మా ఇంట్లో రాత్రుళ్లు కూర్చుని మాట్లాడుకున్న ఏడాదిలో అసలు పాట వినబడింది.

'ది బార్టెండర్ అండ్ ది థీఫ్' గురించి ఎక్కువ చెప్పను. బ్యాండ్ గురించి తెలియని వాళ్లక్కూడా ఆ పాట తెలుసు. పొద్దున్నే మోటార్‌వే మీద నిద్ర వదలాలంటే దాన్ని మించింది లేదు.

పదమూడు పాటలు ఎక్కువే. 'టీ-షర్ట్ సన్ టాన్' దగ్గర ఇప్పటికీ నా వేలు తర్వాతి పాట బటన్ మీదకి పోతుంది. 'హాఫ్ ద లైస్ యు టెల్ ఎయింట్ ట్రూ' కూడా అంతే, జోరుంది గానీ మనసులో నిలవదు. ఇంకో ఇబ్బంది, చాలా పాటల్లో గిటార్ గోడ కట్టినట్టు మోగుతుంది. కారు స్పీకర్లలో బాగుంటుంది గానీ, హెడ్‌ఫోన్స్‌లో వరసగా వింటే అరగంటకే చెవులు అలిసిపోతాయి. హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లు 'ఎ మినిట్ లాంగర్' లాంటి నెమ్మది పాటలు విడిగా వింటే మంచిది.

కవర్ ఫొటో తీసింది స్కార్లెట్ పేజ్. ఒక జంట ముద్దు పెట్టుకుంటూ ఉంటుంది, అమ్మాయి కళ్లు మాత్రం ఎక్కడో శూన్యంలోకి చూస్తుంటాయి. మనిషి ఒకచోట, మనసు ఒకచోట. ఆల్బమ్‌కి ఇంతకంటే సరైన బొమ్మ దొరకదు.

మా నాన్న సింగరేణిలో పనిచేశారు, నేను పుట్టి పెరిగింది ఇల్లందులో. 2013లో ఒక ఆదివారం ఈ సీడీ పెట్టుకుని కుమామన్ వెళ్లాను. కొండ వాలు మీద వరసగా, ఒకదానికొకటి ఆనుకుని కార్మికుల ఇళ్లు. ఒక ముసలాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్న తీరు అచ్చం మా నాన్నదే. నేను నిలబడి చూస్తుంటే "ఎవరికోసం వచ్చావ్?" అని అడిగాడు. బ్యాండ్ పేరు చెప్పాను. నవ్వి, ఆ పిల్లలు అటువైపు వాళ్లని చెయ్యి చూపించాడు.

కార్డిఫ్ నుంచి అబెర్‌డేర్ చేరేలోపు ఆల్బమ్ దాదాపు అయిపోతుంది. చివరి పాట 'ఐ స్టాప్డ్ టు ఫిల్ మై కార్ అప్'. అంతసేపు మోగిన గిటార్లు తగ్గి, పెట్రోల్ కొట్టించుకోవడానికి కారు ఆపినవాడి కథ మొదలవుతుంది. మొన్న రాత్రి తిరిగొస్తూ నేనూ బంక్‌లో ఆపాను. ట్యాంకు నిండింది, డబ్బు కట్టేశాను, కానీ పాట పూర్తయ్యేదాకా బండి తియ్యలేదు. వెనకున్నాయన హారన్ కొట్టకుండా పక్కనుంచి పోయాడు.