వంటపాక పొగ గొట్టానికి సిమెంటుదా, జీఐదా, నల్ల రేకా, స్టీలా?

గ్యాసు ఉన్నా మా పెరట్లో వంటపాకా ఉంది, అందులో కట్టెల పొయ్యీ ఉందండి. కొబ్బరి డొక్కలు, కమ్మలు ఊరికే పడుంటే సిలిండర్ తగలేసి నీళ్ళు కాచుకునేవాడు కోనసీమలో ఎవడుంటాడు, సంక్రాంతికి అరిసెలకి పెద్ద మూకుడు పెట్టాలన్నా ఆ పొయ్యే కావాలి. పోయిన వానల్లో పాత గొట్టం విరిగిపోయింది, కొత్తది ఏది పెట్టాలా అని అమలాపురంలో నాలుగు కొట్లు తిరిగా.

విరిగింది సిమెంటు గొట్టం. 1980ల్లో పొగలేని పొయ్యిల పథకం వచ్చిన రోజుల నుంచీ చాలా ఇళ్ళల్లో ఇదే. చవక, తుప్పు పట్టదు, కానీ బాగా కాలి ఉన్నప్పుడు వాన చినుకు పడితే పగుల్తది. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే కేన్సర్ వచ్చే ప్రమాదం, అందుకే రంపంతో కొయ్యడం, గ్రైండర్ పెట్టడం మాత్రం వద్దు. చవక అని బాత్రూం పీవీసీ పైపు పెట్టినోళ్ళూ ఉన్నారు, అది 80 డిగ్రీలకే మెత్తబడిపోతది, ఇంక చెప్పేదేముంది.

జీఐ అంటే జింకు పూత వేసిన ఇనుప రేకు, ఆ గొట్టం చూడ్డానికి తళతళా బాగుంటది, ఏ రేకుల షాపులో అయినా చుట్టిస్తారు. తిరకాసల్లా పొయ్యి దగ్గరే. రోజూ 200 డిగ్రీలు దాటి కాలితే పైనున్న జింకు పూత పొరలుగా లేచిపోతది, 419 డిగ్రీలకి జింకే కరిగిపోతది. పూత పోయాక మిగిలేది పల్చటి ఇనుప రేకు, అంతర్వేది వైపు ఉప్పు గాలికి అది ఎన్నాళ్ళుంటదో మీరే చెప్పండి.

నల్ల ఇనుప రేకు వేడికి గట్టిది, పైకప్పు దాటి బయటికెళ్తే మాత్రం తుప్పు. ఇక్కడ చాలామంది పొరపడేది గేజ్ నంబర్‌తో, నంబర్ చిన్నదైతేనే రేకు మందం, 24 గేజ్ అంటే సుమారు 0.6 మిల్లీమీటర్లు, అంతకంటే పల్చన తీసుకోకండి. స్టీలు అన్నిటికంటే మేలే గానీ ఖరీదు, అందులోనూ 202 అనే చవక రకం అంటగట్టేస్తారు, తుప్పుకి బాగా ఆగే 304 రకమే కావాలని గట్టిగా అడగాలి.

చివరికి నేను చేయించింది పొయ్యి నుంచి కప్పు కింద దాకా నల్ల రేకు, కప్పు పైన 304 స్టీలు. కింద శత్రువు మంట, పైన శత్రువు ఉప్పు గాలి, ఒక్క సరుకుతో రెండిటికీ సరిపెట్టాలనుకోవడం దండగండి.

బిగించేటప్పుడు మా బావగారికీ వెల్డరుకీ వాదన. నీళ్ళ పైపులాగే పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలని బావగారు, వాన నీళ్ళు కారతాయి కాబట్టి పై ముక్కే బయట ఉండాలని వెల్డరు. పచ్చి డొక్కలు కాలిస్తే తారు జిగురు గొట్టం లోపల కిందికి జారతది కదా, పై ముక్క బయటుంటే అది జాయింట్‌లోంచి కారిపోద్ది, అందుకే పాక లోపల బావగారిదే కరెక్ట్. కప్పు పైన జాయింటే లేకుండా ఒకటే ముక్క పెట్టించా, గొడవ వదిలింది. జాయింట్‌కి మూడు స్క్రూలు. వంపులు రెండు మించితే పొగ లాగదు, వెనక్కి తన్నుద్ది. గొట్టం సైజు పొయ్యిలోంచి పొగ బయటికొచ్చే కంతకంటే తగ్గకూడదు.

తాటాకు పాకైతే జాగ్రత్త. ఒంటి పొర గొట్టానికీ కాలే వస్తువుకీ మధ్య 18 అంగుళాలు ఖాళీ ఉండాలన్నది అమెరికా వాళ్ళ లెక్క, ఆ మేరకి ఆకు తీసేసి అక్కడ ఇనుప రేకు వేయించండి. గొట్టం కప్పు మీద 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఏదున్నా దానికంటే 2 అడుగులు ఎత్తుండాలి అంటారు, మరి పక్కనే కొబ్బరి చెట్టుంటే ఏం చేస్తామండీ! టోపీ మాత్రం తుఫాను గాలికి ఎగిరిపోకుండా స్క్రూలతో బిగించాలి. కింద వంపు దగ్గర మూత ఊడేలా పెట్టించుకుంటే, భోగికి ముందు తాడుకి గోనెగుడ్డ కట్టి పైనుంచి లాగితే మసంతా అక్కడికే దిగుద్ది.