కట్టర్ బ్లేడా, వాటర్ పేపరా?

ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో ముక్కను ఫ్రేమ్ నుంచి తుంచగానే చిన్న బుడిపె మిగులుతుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీతా ఉంటుంది. వీటిని వదిలేసి రంగు వేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి.

గీతకు బ్లేడే మేలు. నిలువుగా పట్టి మెల్లగా గీకాలి, కోయకూడదు. బుడిపెను మాత్రం ఒక్క దెబ్బకు మొదలంటా కోస్తే ప్లాస్టిక్ తెల్లబడుతుంది, లేదా గుంట పడుతుంది. నా విమానం రెక్క అంచున అలాగే గుంట పడితే, పుట్టీ పెట్టి సరిచేసేసరికి ఆదివారం అయిపోయింది.

వాటర్ పేపర్ అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, మన నెల్లూరులో కార్లకు రంగులేసేవాళ్లు వాడేదే. బుడిపెను కాస్త మిగిల్చి కత్తిరించి, 400 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి, ఇంకా సన్నని గరుకున్న 800, 1200 దాకా వెళ్లాలి. తడిపి రుద్దితే పొడి లేవదు, పేపర్ గరుకూ త్వరగా పూడిపోదు. రుద్దిన చోట మొదట పాలపొరలా మసకబారుతుంది. టెన్షన్ పడొద్దు, నంబరు పెరిగేకొద్దీ అది పోతుంది. ఒట్టి వేలితో నొక్కి రుద్దితే పదునైన అంచులు గుండ్రబడతాయి, అందుకే నేను పేపర్‌ను ఐస్‌క్రీమ్ పుల్లకు అతికిస్తాను.

పని నిదానమే అయినా, కొత్తవాళ్లకు నేను ముందు చేతికిచ్చేది పేపరే.